136 మీటర్ల తప్పును 10కి దించాలి... మీ బ్రాంచ్ ఏం చేస్తుంది?

రక్షణ రంగం అనగానే క్షిపణులు, యుద్ధ విమానాలే గుర్తొస్తాయి. కానీ ఒక సైనికుడు గొట్టంలో జారవిడిచే మోర్టార్ షెల్ లోపల కూడా ఏరోస్పేస్ నుంచి కెమిస్ట్రీ దాకా అన్ని సబ్జెక్టులకూ పని ఉంది. ఆ పనేంటో, అందులోకి దారేదో చూద్దాం.

ఒక క్రికెట్ మైదానం ఊహించుకోండి. పిచ్ మధ్యలో ఒక ఇటుక పెట్టారు. దాన్ని ఏడు కిలోమీటర్ల దూరం నుంచి కొట్టాలి. మీరు వదిలిన గుండు బౌండరీ దాటి, స్టాండ్స్ కూడా దాటి, బయట పార్కింగ్‌లో పడింది. ‘ఇదేం గురి?’ అని నవ్వుకుంటున్నారా? అమెరికా సైన్యం వాడే 120 మిల్లీమీటర్ల సాధారణ మోర్టార్‌ను గరిష్ఠ దూరంలో పేల్చితే జరిగేది దాదాపు ఇదే. దాని సీఈపీ 136 మీటర్లు.

సీఈపీ అంటే సర్క్యులర్ ఎర్రర్ ప్రాబబుల్. లక్ష్యం చుట్టూ ఒక వృత్తం గీస్తే, వేసిన షెల్స్‌లో సగం ఏ వృత్తంలో పడతాయో దాని వ్యాసార్ధమే సీఈపీ. అంటే పది వేస్తే సగటున ఐదు 136 మీటర్ల లోపల పడతాయి. మరి మిగతా ఐదు? ఆ వృత్తం బయట. అక్కడ పొలం ఉండొచ్చు, బడి ఉండొచ్చు, సొంత సైనికులే ఉండొచ్చు. ఈ ‘మిగతా ఐదు’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

2011 మార్చిలో అమెరికా సైన్యం అఫ్గానిస్థాన్‌లో ఎక్స్‌ఎం395 అనే కొత్త షెల్‌ను రంగంలోకి దించింది. ఏటీకే సంస్థ తయారుచేసిన దీనికి పెట్టిన షరతు, సీఈపీ 10 మీటర్లు ఉండాలని. 10 మీటర్ల వ్యాసార్ధం అంటే 20 మీటర్ల వెడల్పు వృత్తం, అంటే సరిగ్గా పిచ్ పొడవంత! 136 నుంచి 10కి రావడమంటే విస్తీర్ణంలో 185 రెట్లు తగ్గడం. ఈ తేడా ఎలా వచ్చిందన్నదే ఈ రంగంలోని మొత్తం ఇంజినీరింగ్.

క్రేన్ల ఇంజినీరు గొట్టం

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు కందకాల్లో దాక్కుని పోరాడుతున్న రోజులవి. నేరుగా దూసుకెళ్లే తూటా కందకంలోని మనిషిని తాకదు. పైకి లేచి, నిటారుగా కిందికి దిగే గుండు కావాలి. 1915లో దీనికి జవాబు ఇచ్చింది విల్‌ఫ్రెడ్ స్టోక్స్. ఆయన ఆయుధాల నిపుణుడేం కాదు, ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో క్రేన్ల తయారీ సంస్థను నడిపిన ఇంజినీరు.

ఆయన చేసింది చాలా సింపుల్. ఒక నున్నటి గొట్టం, కింద ఒక పళ్లెం, ముందు రెండు కాళ్లు. షెల్‌ను పైనుంచి గొట్టంలోకి వదిలితే జారి అడుగున ఉన్న పిన్‌కు తగులుతుంది. తోక దగ్గరి మందు అంటుకుని, వచ్చిన దారినే షెల్ బయటికి ఎగురుతుంది. వందేళ్లు దాటినా మోర్టార్ మూల సూత్రం ఇదే. తేలిక, చవక, పైగా పదాతి దళం వెంటే ఉంటుంది. విమానం కోసం, పెద్ద ఫిరంగి కోసం ఎదురుచూడక్కర్లేదు.

లోపాలు రెండు. దూరం తక్కువ, గురి అంతంతమాత్రం. ఇవి విడివిడి సమస్యలు కావు. ఎందుకో ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌తోనే తెలుస్తుంది.

దూరం పెరిగితే తప్పూ పెరుగుతుంది

ప్రక్షేపకం వ్యాప్తి సూత్రం గుర్తుందా? వేగం వర్గాన్ని గురుత్వ త్వరణంతో భాగించి, కోణం రెట్టింపు సైన్‌తో గుణించాలి. అమెరికా 120 ఎం.ఎం. మోర్టార్ షెల్ సెకనుకు 318 మీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. 45 డిగ్రీల దగ్గర లెక్కేస్తే దాదాపు 10.3 కిలోమీటర్లు రావాలి. వాస్తవంగా వచ్చేది 7.2 కిలోమీటర్లే. మిగతా మూడు కిలోమీటర్లు ఏమయ్యాయి? గాలి తినేసింది.

ఇప్పుడు అదే సూత్రంలో వేగాన్ని ఒక్క శాతం మార్చి చూడండి. దూరం రెండు శాతం మారుతుంది. ఏడు కిలోమీటర్ల దగ్గర అది 140 మీటర్లు! మందు ఒక్క శాతం అటూఇటూ కాలితే చాలు, పిచ్ మీద పడాల్సింది పార్కింగ్‌లో పడుతుంది. దీనికి గాలి వాలు, గొట్టం కోణంలో తేడా, షెల్ బరువులో తేడా తోడవుతాయి. గొట్టం దిశ ఒక మిల్, అంటే వృత్తంలో 6,400వ వంతు తప్పితే, ప్రతి కిలోమీటరుకు దాదాపు ఒక మీటరు పక్కకు పోతుంది. దూరం రెట్టింపైతే ఈ తప్పు కూడా రెట్టింపే.

అందుకే ‘దూరం పెంచాం’ అని ఎవరైనా అంటే, వెంటనే అడగాల్సిన ప్రశ్న ‘మరి గురి సంగతేంటి?’ అనే. గైడెన్స్ లేకుండా దూరం మాత్రమే పెంచితే, తప్పును మరింత దూరం మోసుకెళ్లినట్టే.

దూరం పెంచే దారులు నాలుగు

మొదటిది, మందు పెంచి వేగం పెంచడం. కానీ మోర్టార్ గొట్టం పలచన. సైనికులు మోయగలిగేలా చేసిందది. లోపలి ఒత్తిడికి ఒక హద్దుంది.

రెండోది, షెల్ ఆకారాన్ని నున్నగా మలిచి గాలి నిరోధం తగ్గించడం. గాలి తినేసిన మూడు కిలోమీటర్లలో కొంత వెనక్కి తెచ్చుకోవడం అన్నమాట.

మూడోది, గాల్లో ఉండగా చిన్న రాకెట్ మోటార్ మండించడం. ఫ్రాన్స్ 120 ఎం.ఎం. రైఫిల్డ్ మోర్టార్‌తో మామూలు షెల్ సుమారు 8 కిలోమీటర్లు వెళ్తే, రాకెట్ సాయం ఉన్నది 13 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. అయితే రాకెట్‌కు ఇచ్చిన చోటు మరో భాగం నుంచి లాక్కున్నదే.

నాలుగోది గ్లైడింగ్. షెల్ పైకి వెళ్లాక రెక్కలు విప్పుకుని, కిందికి పడిపోకుండా తేలుతూ సాగుతుంది. అమెరికా నౌకాదళానికి వర్జీనియాలోని డాల్‌గ్రెన్‌లో ఉన్న ప్రయోగశాల 81 ఎం.ఎం. షెల్‌ను ఇలాగే 20 కిలోమీటర్ల దాకా పంపాలన్న లక్ష్యంతో ఏసీఈఆర్‌ఎం అనే ప్రాజెక్టు చేపట్టింది. మామూలు 81 ఎం.ఎం. షెల్ వెళ్లేది ఐదారు కిలోమీటర్లే.

షెల్‌కు దారి ఎవరు చెబుతారు?

దారి చూపే పద్ధతులు ప్రధానంగా మూడు. ఒకటి, ఉపగ్రహ సంకేతాలు. ఎక్స్‌ఎం395 ముక్కులో జీపీఎస్ రిసీవర్, దిశ మార్చే చిన్న రెక్కలు ఉంటాయి. లక్ష్యం అక్షాంశ రేఖాంశాలను పేల్చేముందే అందులోకి ఎక్కిస్తారు. రెండు, లేజర్. ఎవరో ఒకరు లక్ష్యం మీద లేజర్ వెలుగు వేస్తే, అది తిరిగొచ్చే చోటును చూసుకుంటూ షెల్ దిగుతుంది. రష్యా 120 ఎం.ఎం. గ్రాన్ ఇలాంటిదే. 2021లో ఇజ్రాయెల్ ప్రకటించిన ఐరన్ స్టింగ్‌లో లేజర్, జీపీఎస్ రెండూ ఉన్నాయి. మూడు, షెల్లే లక్ష్యాన్ని వెతుక్కోవడం. స్వీడన్ స్ట్రిక్స్ షెల్ ట్యాంకు వేడిని పరారుణ సెన్సర్‌తో పసిగడుతుంది. 1990ల నుంచే అది అక్కడి సైన్యంలో ఉంది.

వీటిలో ఏదీ సర్వరోగ నివారిణి కాదు. లేజర్‌కు పొగ, మబ్బు అడ్డం, పైగా వెలుగు వేసే మనిషి దగ్గర్లో ఉండాలి. ఉపగ్రహ సంకేతాలను జామ్ చేయొచ్చు. ఉక్రెయిన్‌లో రష్యా జామింగ్ వల్ల ఎక్స్‌కాలిబర్ లాంటి జీపీఎస్ ఫిరంగి గుండ్ల గురి బాగా దెబ్బతిందని 2024లో పత్రికలు రాశాయి. పరిష్కారం దొరికిందనుకున్న చోటే కొత్త సమస్య మొదలైంది. ఇంజినీర్లకు పని దొరికేది కూడా అక్కడే.

సెల్‌ఫోన్ పెట్టేస్తే సరిపోదా?

‘ఫోన్‌లో జీపీఎస్ ఉంది, మోషన్ సెన్సర్ ఉంది. తీసి షెల్‌లో పెట్టేస్తే పోలా?’ అనిపించడం సహజం. మూడు లెక్కలు చూడండి.

ఒకటి, దెబ్బ. 1.7 మీటర్ల గొట్టంలో సున్నా నుంచి 318 మీటర్ల వేగం అందుకోవాలి. చలన సమీకరణంతో చూస్తే సగటు త్వరణమే గురుత్వానికి 3,000 రెట్లు. గరిష్ఠం ఇంకా ఎక్కువ. పది గ్రాముల చిప్ ఆ క్షణంలో 30 కిలోల బరువై తన టంకాన్ని తానే పీకేసుకుంటుంది. అయినా 155 ఎం.ఎం. ఫిరంగి గుండు భరించే పది వేల రెట్లకు పైబడిన దెబ్బతో పోలిస్తే ఇది నయమే. నున్నటి గొట్టం కాబట్టి షెల్ బొంగరంలా తిరగదు కూడా. గైడెన్స్ పెట్టడానికి మోర్టార్‌లో ఉన్న సౌలభ్యం ఇదే.

రెండు, సమయం. ఆగిపోయి ఉన్న జీపీఎస్ రిసీవర్ మొదటిసారి తన చోటు కనుక్కోవడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. షెల్ గాల్లో ఉండేదే సుమారు నలభై సెకన్లు! అందుకే ఉపగ్రహాల వివరాలను ముందే ఎక్కించి పంపుతారు. గాల్లోకి వెళ్లాక అప్‌డేట్ ఇస్తాం, రీస్టార్ట్ చేస్తాం అంటే కుదరదు.

మూడు, నిల్వ. ఈ షెల్ ఏళ్ల తరబడి గోదాములో పడి ఉండాలి. ఒక రోజు రాజస్థాన్ ఎండలో, ఇంకో రోజు హిమాలయాల చలిలో బయటికి తీస్తారు. మొదటిసారికే పనిచేయాలి. మామూలు బ్యాటరీ అయితే అప్పటికి చచ్చి ఉంటుంది. అందుకే పేల్చినప్పుడే మేల్కొనే రిజర్వ్ బ్యాటరీలు వాడతారు.

అన్నిటికీ మించి ఫ్యూజ్. చేయిజారి కిందపడితే పేలకూడదు, గొట్టం దాటాక మాత్రం సిద్ధం కావాలి. అందుకే నిజమైన ప్రయోగంలోనే కలిగే రెండు వేర్వేరు భౌతిక మార్పులను గుర్తించాకే ఫ్యూజ్ తాళం తీసుకునేలా డిజైన్ చేస్తారు. ఒక్కటే సరిపోదు. ఈ ‘రెండు సాక్ష్యాల’ నియమం సేఫ్టీ ఇంజినీరింగ్‌లో మీరు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

మీ బ్రాంచ్ వాటా ఎంత?

ఏరోస్పేస్: షెల్ ఆకారం, తోక రెక్కలు, స్థిరత్వం. ఆరు స్వేచ్ఛా స్థాయిల్లో గమనాన్ని లెక్కించే మోడల్ రాయడం వస్తే మీకు మంచి పట్టున్నట్టే.

ఈసీఈ: ముక్కు చుట్టూ అమరే యాంటెన్నాలు, నావిక్-జీపీఎస్ రిసీవర్లు, జామింగ్‌ను తట్టుకునే సిగ్నల్ ప్రాసెసింగ్.

ఈఈఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్: రెక్కలను కదిలించే బుల్లి మోటార్లు, కంట్రోల్ లూపులు, రిజర్వ్ బ్యాటరీలు.

మెకానికల్, మెటలర్జీ: దెబ్బకు తట్టుకునే బాడీ, లోహ ఎంపిక, మైక్రాన్ల స్థాయి తయారీ. ఒక షెల్ బాగా చేయడం గొప్ప కాదు, పదివేలు ఒకేలా చేయడం గొప్ప.

కెమికల్, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ: ఎండకైనా చలికైనా మందు ఒకే తీరుగా కాలేలా చూడటం. పైన చెప్పుకున్న ఆ ఒక్క శాతం మీ చేతుల్లోనే ఉంటుంది.

సీఎస్‌ఈ: రియల్‌టైమ్ ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్, దాన్ని తప్పుల్లేకుండా నిరూపించే టెస్టింగ్. వెబ్ యాప్ క్రాష్ అయితే మళ్లీ తెరుస్తాం. ఇక్కడ ఆ అవకాశం లేదు.

మ్యాథ్స్, స్టాటిస్టిక్స్: ఖరీదైన షెల్స్‌ను వందల్లో పేల్చి చూడలేరు. పదో పాతికో పరీక్షలతో సీఈపీని ఎంత నమ్మకంగా చెప్పగలమో తేల్చేది గణాంక శాస్త్రమే.

మన దగ్గర ఎక్కడ?

ఆయుధాలు, మందుగుండు డిజైన్‌కు డీఆర్‌డీవోలో కీలకం పుణెలోని ఏఆర్‌డీఈ. పేలుడు పదార్థాలు, ప్రొపెల్లెంట్ల పరిశోధన అదే నగరంలోని హెచ్‌ఈఎంఆర్‌ఎల్‌లో సాగుతుంది. చండీగఢ్‌లో టీబీఆర్‌ఎల్, ఒడిశాలోని చాందీపుర్‌లో పీఎక్స్‌ఈ పరీక్షలు చూస్తాయి. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు సంస్థలుగా విడగొట్టినప్పుడు మందుగుండు కర్మాగారాలు మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చాయి. దాని ప్రధాన కార్యాలయం కూడా పుణెలోనే.

మరి హైదరాబాద్? గైడెన్స్, నావిగేషన్, సీకర్ల నైపుణ్యం ఉన్న ఆర్‌సీఐ, లోహాలపై పనిచేసే డీఎంఆర్‌ఎల్, క్షిపణులు తయారుచేసే బీడీఎల్, ప్రత్యేక మిశ్రమ లోహాల మిధాని, ఎలక్ట్రానిక్ ఫ్యూజుల అనుభవమున్న ఈసీఐఎల్ ఇక్కడివే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హై ఎనర్జీ మెటీరియల్స్ మీద డీఆర్‌డీవో సాయంతో ఏర్పాటైన పరిశోధన కేంద్రం ఉంది. ఫ్యూజుల మార్కెట్ ఎంతో తెలియాలంటే ఒక్క అంకె చాలు. మధ్యతరహా, భారీ ఫిరంగుల గుండ్లకు పదేళ్లపాటు ఎలక్ట్రానిక్ ఫ్యూజులు అందించేందుకు రక్షణ శాఖ 2023 డిసెంబరులో బీఈఎల్‌తో రూ.5,336 కోట్ల ఒప్పందం చేసుకుంది.

ఇదే దారిలో ఐఐటీ మద్రాస్, మ్యునిషన్స్ ఇండియా కలిసి 155 ఎం.ఎం. స్మార్ట్ గుండు అభివృద్ధి చేపట్టాయి. ఇది మోర్టార్ కాదు, ఫిరంగి గుండు. కానీ రెక్కలతో దిశ మార్చుకోవడం, నావిక్ సంకేతాలు వాడుకోవడం, 10 మీటర్ల సీఈపీ లక్ష్యం... అన్నీ మీరిప్పటిదాకా చదివినవే. అంటే ఒకటి నేర్చుకుంటే రెండో దానికీ పనికొస్తుంది.

దారులు ఇవీ

బీటెక్ వాళ్లకు ప్రధాన ద్వారం డీఆర్‌డీవో సైంటిస్ట్-బి. ఫస్ట్ క్లాస్ డిగ్రీ, గేట్ స్కోరు, ఆపైన ఇంటర్వ్యూ. నోటిఫికేషన్ ఇచ్చేది రిక్రూట్‌మెంట్ అండ్ అసెస్‌మెంట్ సెంటర్. డిప్లొమా, బీఎస్సీ వాళ్లు సెప్టామ్ నిర్వహించే సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్-బి పరీక్షపై, ఐటీఐ వాళ్లు టెక్నీషియన్-ఎ పోస్టులపై కన్నేయొచ్చు. ప్రభుత్వ రంగ సంస్థలు ట్రైనీ ఇంజినీర్లను, అప్రెంటిస్‌లను విడిగా తీసుకుంటాయి. వెంటనే ఉద్యోగం రాకపోయినా, ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లకు షాప్‌ఫ్లోర్ భాష వస్తుంది. అది పుస్తకాల్లో దొరకదు.

పైచదువుకు ఏఐసీటీఈ, డీఆర్‌డీవో కలిసి 2021లో మొదలుపెట్టిన డిఫెన్స్ టెక్నాలజీ ఎంటెక్ ఉంది. కంబాట్ టెక్నాలజీ, హై ఎనర్జీ మెటీరియల్స్ లాంటి ఆరు విభాగాలున్నాయి. కొత్త ఆలోచన ఉంటే 2018లో మొదలైన ఐడెక్స్ పథకం ద్వారా స్టార్టప్‌గానూ ప్రయత్నించొచ్చు.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టడానికి రెండు ప్రాజెక్టులు. ఒకటి, పైథాన్‌లోనో మ్యాట్‌ల్యాబ్‌లోనో గాలి నిరోధంతో ప్రక్షేపక గమనం రాసి, వేగాన్ని, గాలిని కొద్దికొద్దిగా మారుస్తూ వెయ్యిసార్లు నడిపి సీఈపీ లెక్కించండి. రెండు, చవక మోషన్ సెన్సర్, జీపీఎస్ మాడ్యూల్ తీసుకుని కాల్మన్ ఫిల్టర్‌తో రెండింటినీ కలిపి, జీపీఎస్ తీసేశాక మీ సైకిల్ చోటు ఎన్ని సెకన్లలో ఎన్ని మీటర్లు తప్పుతుందో కొలవండి. ‘పనిచేసింది’ అని కాకుండా ‘ఇంత తప్పింది, ఇందుకు తప్పింది’ అని రిపోర్టులో రాయండి.

ఒక్క హెచ్చరిక. పేలుడు పదార్థాలతో సొంత ప్రయోగాల జోలికి పోవద్దు. అది నేరం, ప్రాణాంతకం కూడా. అన్ని జాగ్రత్తలుండే కర్మాగారాల్లోనే ప్రమాదాలు జరుగుతున్నాయి. 2025 జనవరిలో మహారాష్ట్రలోని భండారా ఆయుధ కర్మాగారంలో పేలుడు పలువురు కార్మికుల ప్రాణాలు తీసింది.

చేరేముందు ఆలోచించుకోవాల్సినవి

ఈ రంగంలో ప్రాజెక్టులు ఆగిపోవడం మామూలే. బ్రిటన్ 1980ల్లో తలపెట్టిన 81 ఎం.ఎం. మెర్లిన్ షెల్ ట్యాంకులను రాడార్‌తో వెతికి కొట్టాలి. సైన్యంలోకి రాకుండానే ముగిసింది. అమెరికా మెరీన్ దళం 16 కిలోమీటర్లు వెళ్లే గైడెడ్ షెల్ కోసం 2012లో రెండు బృందాలకు కాంట్రాక్టులిచ్చింది. తర్వాత దాన్ని పేల్చాల్సిన మోర్టార్‌నే ఆ దళం వదిలేసుకుంది. ఏళ్ల శ్రమ అటకెక్కినా, ఆ ఇంజినీర్లు నేర్చుకున్నది పోదు. అందుకే వస్తువును కాదు, నైపుణ్యాన్ని నమ్ముకోండి.

పని వివరాలు ఇంట్లో చెప్పుకోలేరు. అన్నీ లింక్డ్‌ఇన్‌లో పెట్టుకోలేరు. పోస్టింగ్ పుణెలోనో చాందీపుర్‌లోనో రావొచ్చు.

ఇంకోటి సూటిగా చెప్పుకోవాలి. మీరు చేసేది ప్రాణం తీసే వస్తువు. గురి కుదిరితే అమాయకులు తప్పించుకునే అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ గురి కుదిరినంత మాత్రాన లక్ష్యం సరైనదైపోదు. ఎవరి మీద పేల్చాలో షెల్ నిర్ణయించదు, మీరూ నిర్ణయించరు. అది మీకు సమ్మతమో కాదో ఆఫర్ లెటర్ వచ్చాక కాదు, అప్లికేషన్ పెట్టేముందే తేల్చుకోండి. వద్దనుకుంటే తక్కువేం కాదు. ఇవే నైపుణ్యాలు అంతరిక్షానికి, డ్రోన్లకు, వైద్య పరికరాలకు కూడా కావాలి.

సరే, చేరాలనే అనుకున్నారు. ఇంటర్వ్యూలో మిమ్మల్ని ‘సీఈపీ 10 మీటర్లు అంటే ఏంటి?’ అని అడిగారనుకోండి. ‘అన్నీ 10 మీటర్ల లోపలే పడతాయి సర్’ అని చాలామంది టక్కున చెప్పేస్తారు. మీరు మాత్రం ‘సగం పడతాయి’ అనండి. అంతటితో ఆగకండి. మిగతా సగం ఎంత దూరం పోవచ్చో, ఎందుకు పోతాయో, వాటిని దగ్గరికి తేవడానికి మీ సబ్జెక్టు ఏం చేయగలదో చెప్పండి. బోర్డు వినాలనుకునేది ఆ రెండో సగం గురించే.